పాత కంప్యూటర్‌కు కొత్త బోర్డు: తన్లిన్‌లో ఒక పగలు

రంగూన్‌కు నది అవతల ఉన్న తన్లిన్‌లో ఉండే అప్పాయమ్మ భర్త సూరన్న పోయిన వానాకాలంలో ఆక్సిజన్ దొరకక చనిపోయాడు. ఆయన సంవత్సరీకం ఆదివారం. కొడుకు రామ్మూర్తి పిండం పెట్టాలంటే తండ్రి, తాత, ముత్తాత, మూడు తరాల పేర్లు చెప్పాలి. తండ్రి పేరు తెలుసు. తాతను రేవులో అందరూ ఊ బా థాన్ అనే బర్మా పేరుతోనే పిలిచారు, ఆయన తెలుగు పేరు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ముత్తాత సంగతి ఇక చెప్పనక్కర్లేదు. పేర్లు తెలియకపోయినా జరిపించే పద్ధతి ఉందని పంతులుగారు నచ్చజెప్పారట. అప్పాయమ్మ ఒప్పుకోలేదు. సోమవారం రంగూన్‌లో ఉన్న నాకు ఫోన్ చేసి, "దిక్కు నేనోలకి పెట్టినట్టు పెట్టమంతన్నారు అక్కా. ఆయన బతికున్నన్నాళ్లూ ఎవలి దగ్గరా తల దించనేదు. ఇప్పుడు ఆయన తాతకి పేరు నేకుండా పెడితే నాను ఊరుకుంతానేటి? నీ మిషన్ల ఉంటాయంట గదా ఆ పేర్లు?" అంది. ఉన్నాయనే చెప్పాను. అయితే ఆ మిషన్ పనిచేయడం మానేసి పదిహేడేళ్లయింది.

అదొక చిన్న ఇంటి కంప్యూటర్. కీబోర్డులోనే యంత్రమంతా ఉంటుంది, టీవీకి తగిలించుకోవాలి, ప్రోగ్రాములూ సమాచారమూ మామూలు పాటల క్యాసెట్‌లో దాచుకోవాలి. ఓడలో వైర్‌లెస్ ఆఫీసరుగా పనిచేసిన మా ఆయన దాన్ని సింగపూర్‌లో కొన్నారు. సైనిక పాలన మీద లేచిన ఎనభై ఎనిమిది ఉద్యమంలో బడులు మూతపడ్డాక, లెక్కల టీచర్‌నైన నేను ఇంట్లో ఊరికే కూర్చోలేక, రంగూన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాల ఇంటిపేరు, సొంత ఊరు, మూడు తరాల పేర్లు సేకరించి అందులో ఎక్కించాను. నూట పద్దెనిమిది కుటుంబాలు. రాసుకున్న నోటు పుస్తకాలను తర్వాత చెదలు తినేశాయి. మిగిలింది ఒక్క క్యాసెట్. కంప్యూటర్ లోపలి బోర్డు ఇక్కడి తేమకు పచ్చగా చిలుము పట్టిపోయింది.

ఇప్పటి కంప్యూటర్లలోనే పాత యంత్రాన్ని నడిపే ప్రోగ్రాములు ఉన్నాయిగా అని కొందరు అడుగుతారు. ఉన్నాయి. అయితే సైన్యం మళ్లీ గద్దెనెక్కి ఈ రెండో ఉద్యమం మొదలయ్యాక మాకు నెట్ ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు లేదు, ఉన్నా సగం సైట్లు తెరుచుకోవు. పైగా సైనికులు దారిలో ఫోన్లు తెరిపించి చూస్తున్నారు. అందుకే నేను వేరే దారి పట్టాను. ఇలాంటి పాత యంత్రాల కోసం కొత్తగా తయారుచేసే బోర్డులు దొరుకుతాయి. కొలత అదే, మరలు బిగించే రంధ్రాలు అవే, పాత పెట్టెలో సరిగ్గా కూర్చుంటాయి. పాత బోర్డు నుంచి రెండు పెద్ద చిప్పులు మాత్రం తీసి ఇందులో పెట్టుకోవాలి. మా తమ్ముడి అల్లుడు ఓడ ఇంజన్‌లో పనిచేస్తాడు. నేను చాలాకాలంగా అడుగుతున్నానని సింగపూర్‌లో ఒక బోర్డు కొని, ఓడ రేవుకు రాగానే తన్లిన్‌లో రేడియోలు బాగుచేసే అప్పారావుకు అందజేశాడు. కాబట్టి పెట్టె, పాత బోర్డు, క్యాసెట్, టేప్ రికార్డర్ పట్టుకొని నేనే వెళ్లాలి.

గురువారం ఉదయం ఆరూ ఇరవైకి ఇల్లు దాటాను. ముందు టాక్సీ అడిగాను. వంతెన దాటాలంటే మా బర్మా డబ్బులో ఇరవై వేల చాట్లు అన్నాడు డ్రైవర్. "రోజూ ఇంతే తీసుకుంటావా?" అంటే, "లేదు అఫ్వా, వంతెన మీద సైనికులు ఆపని రోజు పదిహేను," అన్నాడు. అఫ్వా అంటే బర్మా భాషలో అమ్మమ్మ. బేరం అక్కడితో వదిలేసి నాలుగు వందలిచ్చి బస్సెక్కాను. ఊరు దాటేదాకా నిలబడే వెళ్లాలి, కానీ బస్సునైతే అందరితో పాటు ఆపుతారు, టాక్సీలో మనల్ని ఒక్కరినే ఆపుతారు. వస్తువులన్నీ మూత లేని వెదురు బుట్టలో పైకి కనబడేటట్టు సర్దాను. తీగలూ చిప్పులూ గుడ్డలో చుట్టి దాచితే చూసేవాళ్లకు బాంబులా కనబడుతుంది.

వంతెన దగ్గర అనుకున్నట్టే ఆపారు. తుపాకీ ఉన్న కుర్రవాడు బుట్టలోకి చూసి, "ఇదేమిటి?" అన్నాడు.

"కంప్యూటర్."

"బొత్తాలు రబ్బరువి!"

"నీకంటే వయసులో పెద్దది. చేతులు తడిగా ఉన్నాయి, తుడుచుకొని ముట్టుకో."

కండక్టర్ మొహం పాలిపోయింది. కుర్రవాడు మాత్రం నిజంగానే చెయ్యి యూనిఫామ్ చొక్కాకు తుడుచుకొని ఒక బొత్తాం నొక్కి చూశాడు. ఏమీ మోగకపోయేసరికి విసుగు పుట్టి వెళ్లమన్నాడు. అక్కడ ఇరవై రెండు నిమిషాలు పోయాయి. బస్సు కదిలాక కండక్టర్ నా పక్కకు వచ్చి, "అఫ్వా, ఇంకోసారి మా బస్సెక్కితే వంతెన దాటేదాకా నోరు మూసుకొని కూర్చుంటారా?" అన్నాడు. కూర్చోవడానికి సీటిస్తే ఆలోచిస్తానన్నాను.

ఎనిమిదీ అయిదుకు తన్లిన్ చేరాను. అప్పారావు కొట్టుకు ఎదురుగా ఉన్న టీ దుకాణంలో మొహింగా తిన్నాను, పదిహేను వందలు. చేపల పులుసులో సేమ్యా వేసే ఈ వంటకం తన్లిన్‌లో మా ఊరికన్నా చిక్కగా ఉంటుంది. వడ్డిస్తున్న ఆవిడను ఈ వీధికి కరెంటు ఎప్పుడని అడిగాను. "తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా అని కాగితం అంటించారు. దీపం వెలిగేది కాగితంతో కాదు కదా," అంది. ఆవిడ మాటే నిజమైంది.

అప్పారావుకు అరవై దాటాయి. రిఫైనరీలో మీటర్లు చూసే పని చేసి రిటైరయ్యాడు. ఒకప్పుడు నా దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడే, ఇప్పటికీ సయామా అనే పిలుస్తాడు, టీచరమ్మా అని దాని అర్థం. నన్ను చూడగానే లేచి నిలబడి, "బెత్తం ఒట్టుకొచ్చినారేటి సయామా?" అన్నాడు. ముందు చేతులు కడుక్కోమన్నాను. కడుక్కున్నానన్నాడు. మళ్లీ కడుక్కోమన్నాను.

కొత్త బోర్డు చూస్తే ముచ్చటేసింది. నల్లగా, శుభ్రంగా, ఒక్కో భాగం పక్కన దాని పేరు తెల్లని అక్షరాల్లో అచ్చయి ఉంది. పాత పెట్టె అయిదు మరలూ విప్పి, ఏది ఎక్కడిదో తెలిసేలా కాగితం మీద బొమ్మ గీసి, వాటిని ఆ బొమ్మ మీదే గుచ్చాను. పాత బోర్డులోని రెండు చిప్పులకూ చెరి నలభై కాళ్లు. అప్పారావు సన్నని స్క్రూడ్రైవర్‌తో ఒక కొసను వెంట్రుకవాసి లేపి, తర్వాత రెండో కొసను లేపి, ఇలా మార్చి మార్చి ఇరవై నిమిషాలకు మొదటిది ఊడదీశాడు. "మీరు సెప్పినట్టే సేత్తాను గానీ, అలగ భుజం మీద నిలబడకండి సయామా, ఎలుతురు అడ్డొత్తంది," అన్నాడు. అర గజం వెనక్కి జరిగాను. కాళ్లకు పట్టిన చిలుమును రబ్బరుతో రుద్ది వదిలించి, చిప్పు అంచున గంటు ఉన్న వైపు ఎటో చూసుకొని, రెండింటినీ కొత్త బోర్డులో కూర్చోబెట్టాడు.

పదీ నలభైకి టీవీకి తగిలించాం. తెర మీద తెల్లని వెలుగు, అడుగున ఒక వరుస అక్షరాలు. పదిహేడేళ్ల తర్వాత అది చూశాను, కానీ సంతోషించడానికి సమయం చాలలేదు. కీబోర్డు మీద ఒక వరుసలోని అయిదు బొత్తాలు పలకడం లేదు. కీబోర్డు నుంచి బోర్డుకు వెళ్లే పలచని ప్లాస్టిక్ పట్టీ ఎండిపోయి, చివర చిట్లింది. "ఇది తెగిపోతే మరి దొరకదు," అన్నాడు అప్పారావు. చిట్లిన కొసను గోరు మందం కత్తిరిస్తే మిగిలిన భాగం బాగానే ఉంది. కత్తెర నా చేతికిచ్చి, "మీరే కొయ్యండి, తప్పయితే నన్ను తిట్టనేరు," అన్నాడు. స్కేలు పెట్టి గీత గీసి కోశాను. పట్టీ పొట్టిదైంది, అయినా సరిగ్గా అందింది. మరోసారి కోయడానికి మాత్రం పొడవు లేదు. అన్ని బొత్తాలూ పలికాయి.

ఈలోగా అప్పాయమ్మ, రామ్మూర్తి వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. పదకొండూ నలభైకి కరెంటు పోయింది. అప్పారావు బ్యాటరీ ఇన్వర్టర్ వేశాడు. క్యాసెట్ పెట్టాను. టేపు కీచుమంటూ మొదలై, తెర అంచున రంగు గీతలు పరుగెత్తాయి. నాలుగు నిమిషాలు కావాలి. మూడో నిమిషంలో తప్పు జరిగిందని తెర మీద పడింది. వెనక్కి తిప్పి మళ్లీ పెడితే మళ్లీ అంతే. ఇన్ని తడవలు తిప్పితే ముప్పై ఏళ్లు దాటిన టేపు ఎంతవరకు ఆగుతుంది? రామ్మూర్తి అమ్మ చెవిలో, "పోనీ పంతులుగారు సెప్పినట్టే కానిచ్చీద్దుమే," అన్నాడు. అప్పాయమ్మ "నువ్ నోర్ముయ్యి," అంది, బయటికే.

నేను కళ్లు మూసుకొని టేపు శబ్దం విన్నాను. కీచుమనే ధ్వని వెనక సన్నగా ఒక గుర్రుమనే మోత ఉంది. అది క్యాసెట్‌లోది కాదు, ఇన్వర్టర్‌ది. టేప్ రికార్డర్ తీగ పీకేసి, ఎదుటి దుకాణం నుంచి నాలుగు పొడి బ్యాటరీలు తెప్పించి వేశాం. ఈసారి మోత లేదు. నాలుగు నిమిషాల పది సెకన్లకు నా ప్రోగ్రామ్ లేచి ఇంటిపేరు అడిగింది. పైల అని కొట్టాను.

సూరన్న తండ్రి ఊ బా థాన్ అసలు పేరు గురువులు. సొంత ఊరు భీమునిపట్నం దగ్గర. దాని కింద తాత పేరు కూడా ఉంది, అంటే రామ్మూర్తికి ముత్తాత. కానీ పక్కన ఒకటి అనే అంకె ఉంది.

ఆ రోజుల్లో నేనొక నియమం పెట్టుకున్నాను. ఏ పేరైనా ఇద్దరు సాక్షులు విడివిడిగా చెబితేనే ఖాయం. గురువులు పేరు పక్కన రెండు ఉంది. ముత్తాత పేరు చెప్పింది ఒక్కరే, అది సూరన్నే. బడులు మూసిన ఆ ఏడాది, దారిలో కాల్పులు జరుగుతున్న రోజుల్లో, నది దాటి మా ఇంటికి వచ్చి చెప్పాడు. ఇంకో పెద్దవాళ్లను తీసుకురమ్మని పంపేశాను. మళ్లీ రాలేదు. అప్పటి పెద్దవాళ్లెవరూ ఇప్పుడు లేరు. తెర మీదకు చేతిలో ఉన్న కొత్త నోటు పుస్తకం అడ్డం పెట్టాను.

"ఏటి అక్కా, దాచేత్తన్నావు?" అంది అప్పాయమ్మ.

"పేరుంది. కానీ ఒక్కరి మాటే. తప్పు పేరుతో పెడితే లేని పేరు కంటే అన్యాయం. నేను చెప్పను, నువ్వే చెప్పు. మీ అత్తగారు ఆమె మామగారి పేరు ఎప్పుడైనా అనగా విన్నావా?"

"ఎక్కడ్నించి ఇంటాను? మొగుడి పేరే పలకదు, మాంగారి పేరు పలుకుద్దేటి ఆవిడ?"

నిజమే. మావైపు ఆడవాళ్లు అత్తింటి పెద్దల పేర్లు పలకరు. ఈ పేర్లన్నీ పోయింది అందుకే. అప్పుడు నాకు తట్టింది. "సరే, ఆవిడ నోట బొత్తిగా రాని మాట ఏదైనా ఉందా? బాగా ఆలోచించు."

అప్పాయమ్మ వేళ్లు మడుస్తూ ఏవో మాటలు లెక్కపెట్టుకుంది. ఉన్నట్టుండి నవ్వింది. "పక్కింట్లో సింహాచలం అని ఓ గుంటడుండీవోడు. మా అత్త ఆడిని 'ఒరే కొండోడా' అని పిలిసీది. అందరూ నవ్వీవోరు. దేవుడి కొండనైనా 'ఆ కొండ' అనీదే గానీ..." అంటూ ఆగిపోయింది. నవ్వు పోయింది. "అక్కా?"

పుస్తకం తీసేశాను. అప్పాయమ్మకు ఇంగ్లీషు అక్షరాలు రావు. రామ్మూర్తి వంగి గట్టిగా చదివాడు. "పైల సింహాచలం." రెండోసారి చదవమంది అమ్మ. చదివాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆ పేరు పక్కనున్న ఒకటిని చెరిపి రెండు కొట్టాను.

మూడున్నర బస్సుకు తిరిగి బయల్దేరాను. దారంతా ఆ రోజు వెనక్కి పంపిన సూరన్నే గుర్తొచ్చాడు. ఆ నియమం తప్పని ఇప్పటికీ అనుకోను. అది లేకపోతే ఆ రెండు అంకెకు విలువే లేదు. కానీ పేరు చెప్పడానికి అంత దూరం వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, మీ ఇంట్లో ఎవరు ఏమి మాట్లాడరో కూడా అడగాల్సింది. మాట్లాడిన వాళ్లనే సాక్షులనుకున్నాను. ఒక పేరును జీవితాంతం నోట రానివ్వకుండా కాపాడిన ఆవిడ కంటే గట్టి సాక్షి నాకు ఆ నూట పద్దెనిమిది ఇళ్లలో దొరకలేదు. ఒక్క సాక్షి ఉన్న పేర్లు ఇంకా ముప్పై ఒకటి ఉన్నాయి. ఆ ఇళ్లకు ఒక్కొక్కదానికే వెళుతున్నాను.

మీరూ పాత క్యాసెట్‌తో ఇలాంటి పనికి బయల్దేరితే ఒక్క సలహా. టేపు ఎన్నాళ్లో ముట్టుకోకుండా ఉంటే, వాడే ముందు దాన్ని చివరిదాకా ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి మెల్లగా తిప్పండి. పొరలు అంటుకొని ఉంటే అక్కడే తెలుస్తుంది, తెగకుండా విడిపోతాయి.