బార్లీ ముందు కొట్టిన కొబ్బరికాయ

రామమోహన్‌కు గుర్రాల గురించి తెలియనిది లేదు. జన్మలో ఒక్క గుర్రాన్నయినా చేత్తో ముట్టుకోలేదన్నది వేరే సంగతి.

ఐర్లండ్‌లోని లీక్స్‌లిప్‌లో మా అమ్మాయి ఆమని ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటాడు. సొంతూరు నరసరావుపేట. కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఒళ్ళంతా తెల్లటి ముసుగు తొడుక్కుని, గట్టిగా తుమ్మడానికి కూడా వీల్లేని గదిలో పని. అక్కడ పొద్దంతా అణచుకున్న మాటలన్నీ బయటికొచ్చాక మన మీద గుమ్మరిస్తాడు. కూతురు లోహితకు ఈత నేర్పించినా, వయొలిన్ నేర్పించినా, ముందు ఆ నేర్పేవాళ్ళకు తను పాఠం చెప్పి వస్తాడు.

నేను చదివింది మెదక్ దగ్గర మా ఊరి బడిలో ఏడో తరగతి. ఉద్యోగం చేసింది హైదరాబాదు గుర్రపు పోలీసు దళంలో. నేను తయారుచేసిన గుర్రాలు నిమజ్జనం ఊరేగింపులో డప్పుల మధ్య, పటాకుల మధ్య చెవి కూడా కదపకుండా నిలబడ్డాయి. దౌడు మీద ఈటెతో మేకు పెకిలించే పోటీలో రెండుసార్లు పతకం నాదే. మనుషుల్ని తంతుందని వేలానికి పెట్టిన రాణి అనే ఆడగుర్రం వేలం ఆపించి, దాన్ని దారికి తెచ్చి, మంత్రిగారి ముందు కవాతు చేయించాను. ఇవన్నీ రామమోహన్‌కు చెప్పాను. అతను ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "సూపర్ అంకుల్! కానీ ఇక్కడ మెథడ్స్ వేరండీ" అన్నాడు.

మెథడ్ ఏమిటో తొందరలోనే చూశాం.

ఊరి చివర నోరీన్ అనే ఆవిడ గుర్రపుసాల నడుపుతోంది. ఆమె ద్వారా లోహిత కోసం బార్లీ అనే బూడిదరంగు పోనీని, అంటే పొట్టిజాతి గుర్రాన్ని, లీజుకు తీసుకున్నాడు. పది దాటిన ఆ పిల్లకు అది ప్రాణం. వాన కురుస్తున్నా దాని మెడ పట్టుకుని నిలబడేది. మొదటిరోజే రామమోహన్ దానికి బండి పూజ చేశాడు. అవును, కొత్త కారుకు చేసే పూజే. నుదుట పసుపు కుంకుమ, గిట్టల ముందు నిమ్మకాయలు, కర్పూర హారతి. పిల్లను జీను మీద కూర్చోబెట్టి, గేటు దగ్గర సిమెంటు నేల మీద, సరిగ్గా పోనీ ముక్కు కింద, కొబ్బరికాయ ఠాప్పున కొట్టాడు.

నేనక్కడ లేను. కానీ అతగాడు దగ్గరుండి వీడియో తీయించుకున్నాడు గనుక అందరం చూశాం. పోనీ ఒక్కసారిగా ముందుకాళ్ళెత్తి లేచింది. పిల్ల పడింది. మణికట్టు విరిగింది.

"ఏమయ్యా, దానికేమన్న హారన్ ఉన్నదా, స్టీరింగ్ ఉన్నదా? నిమ్మకాయలెందుకు పెట్టినవ్?" అన్నాను.

"సెంటిమెంట్ అంకుల్. దిష్టి తగలకూడదని."

"తగిలింది గద, నీదే."

కట్టు విప్పాక అసలు తంటా మొదలైంది. బార్లీ ఆ గేటు దగ్గరికి వస్తే చాలు, నాలుగు కాళ్ళూ పాతేసినట్టు ఆగిపోయేది. పైన లోహిత బాగానే ఉన్నానని, "ఐయామ్ గ్రాండ్, డాడ్" అంటూనే ఉండేది, పగ్గం పట్టిన వేళ్ళు మాత్రం తెల్లబడిపోయేవి. పైవాళ్ళ వేళ్ళు బిగుసుకుంటే కిందిదానికి నోట్లో ఉన్న ఇనుము చెప్పేస్తుంది. రెండు భయాలు ఒకదాన్నొకటి మేపుకుంటున్నాయి. కంచె పక్కన మూడోది నిలబడి అరుస్తోంది: "లోహీ! హీల్స్ డౌన్! కాన్ఫిడెన్స్! కాన్ఫిడెన్స్!" ఇంటి దగ్గర ఆత్మవిశ్వాసం మీద కంప్యూటర్లో బొమ్మలతో క్లాసు కూడా పీకాడట. పోనీకి చూపించలేదు, అదృష్టం.

నోరీన్ తేల్చి చెప్పింది. నెలాఖరుకు పోనీ యజమాని వస్తాడు. పిల్లను మోస్తూ గేటు దాటి పొలంలోకి వెళ్ళని పోనీని ఆవిడ ఉంచదు, బండెక్కించి పంపేస్తుంది.

ఆ సాయంత్రం లోహిత మా తలుపు కొట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "తాతా, ఆమని ఆంటీ సెడ్ యు వర్ ఇన్ ద గార్డ్స్. విత్ హార్సెస్. ఈజ్ ఇట్ ట్రూ?" ఇక్కడ పోలీసుల్ని గార్డ్స్ అంటారు.

"గార్డ్స్ గాదు బిడ్డా, గార్డ్స్‌కు గురువును."

మర్నాడు రామమోహన్‌కు ఒకే షరతు పెట్టాను. సాలలో నోరు తెరవొద్దు. తెరిస్తే నేను నడిచి వెళ్ళిపోతాను.

"సలహా ఇవ్వాలంటే అంకుల్?"

"ఎరువు ఎత్తు. పార అక్కడున్నది."

మొదట పిల్లను జీను ఎక్కనివ్వలేదు. గేటు వైపు పోనీని నడిపించడం, అది బిగుసుకునే చోటుకు కాస్త ముందే ఆగి, మెడ నిమిరి, వెనక్కి తిప్పడం. అంతే. భయం పుట్టకముందే తిప్పితే ఆ తిప్పడం మన నిర్ణయమవుతుంది, పుట్టాక తిప్పితే దాని నిర్ణయమవుతుంది. రోజూ అదే వేళ, అదే దారి, ఇంకొంచెం దగ్గరగా. పని బాగా సాగుతుండగానే ఆపేసేవాణ్ణి. "వన్ మోర్, తాతా!" అని పిల్ల బతిమాలేది. ఆ ఆకలితోనే ఇంటికి పంపేవాణ్ణి.

తర్వాత కొబ్బరికాయ. దళంలో డప్పుకు అలవాటు చేసినట్టే చేశాను. బార్లీ గడ్డి తింటుంటే, సాల అవతల నుంచి రామమోహన్ కాయను నేల మీద మెల్లగా తట్టాలి. తట్టిన ప్రతిసారీ దానికో క్యారెట్ ముక్క. రోజురోజుకూ అడుగు దగ్గరికి. ఆ పనికి రామమోహన్‌నే ఎందుకు పెట్టానంటే, పోనీ దడుసుకున్నది కాయకు ఒక్కదానికే కాదు, కాయ పట్టుకున్న మనిషికి కూడా. దగ్గరికొచ్చే కొద్దీ చూశాను, కాయ తట్టగానే ఆ మనిషే రెండడుగులు వెనక్కి గెంతుతున్నాడు. ఇంత అరుపూ ఎందుకో అప్పుడర్థమైంది. అయ్యగారికి గుర్రమంటే చచ్చేంత భయం. భయపడేవాణ్ణి నేను తిట్టను. ఆ భయాన్ని పిల్ల నెత్తిన అరిచి పోగొట్టుకుందామనుకునేవాణ్ణి తిడతాను.

నెలాఖరు వచ్చింది. సన్నగా వాన. నోరీన్ చేతులు కట్టుకుని నిలబడింది, పక్కనే యజమాని. లోహిత జీను మీద ఉంది. బార్లీ వదులుగా నడుస్తూ గేటు వైపు వస్తోంది. చూసేవాళ్ళుంటే రామమోహన్‌కు పూనకం. రోజూలాగే కాయతో వచ్చి గేటు పక్కన నిలబడ్డవాడు, షరతు మరిచి, దాన్ని నెత్తిమీదికెత్తి "కమాన్ లోహీ! కాన్ఫి..." అన్నాడు. బార్లీ చెవులు నిక్కబొడుచుకుని ఆగింది.

నేను నోరు తెరిచేలోపే పిల్ల గొంతు వినిపించింది. అరుపు కాదు. "డాడ్, స్టాప్. పుట్ ఇట్ డౌన్."

"అది కాదు నాన్నా..."

"డౌన్, డాడ్. అండ్ టర్న్ అరౌండ్, ప్లీజ్."

ఆ వేళ్ళు తెల్లగా లేవు. పగ్గం మెత్తగానే ఉంది. రామమోహన్ కాయ కింద పెట్టి, బడిలో శిక్ష పడ్డవాడిలా గోడవైపు తిరిగాడు. పిల్ల ఊపిరి వదిలింది. కింద పోనీ కూడా పొడుగ్గా ఒకటి వదిలింది. గేటు దాటారు. దాటాక ఆపి, వెనక్కి తిరగకుండానే, "నౌ యు కెన్" అంది. అతను కొట్టాడు. ఠాప్పుమంది. బార్లీ ఒక చెవి ఇటు తిప్పి, చూసి, పొలంలోకి నడిచింది.

యజమాని ఖాళీ బండితో వెళ్ళిపోయాడు.

ఆ రోజు కూడా తీయించుకున్న వీడియోను రామమోహన్ 'నేను మా పోనీకి ధైర్యం నేర్పిన విధానం' అని తెలుగువాళ్ళ గ్రూపులో పెట్టాడు. ఆమని కోపగించుకుంది గానీ నేను పట్టించుకోలేదు. పతకాలున్నవాణ్ణి, లైకులతో నాకేం పని?

ఇప్పటికీ ఆదివారాలు ఎరువు అతనే ఎత్తుతాడు. మొన్న పార ఆనించి, చుట్టూ చూసి, వేడి పెనాన్ని తాకినట్టు ఒక్క వేలితో బార్లీ మెడ ముట్టుకున్నాడు. అది కదల్లేదు.

"చూశారా అంకుల్, నన్ను గుర్తుపట్టింది!"

"దానికి ఓపిక నేర్పింది నేను. ఇగ ఆ మూలకు ఎరువు మిగిలింది, అది గూడ ఎత్తు" అన్నాను.