నందినిలో బండిచూపులు

ఉక్కు కర్మాగారంలో రిటైరైన మనిషిని వెంటబెట్టుకుని పాత బండి కొనడానికి వెళ్ళకూడదు. ముగ్గురిని వెంటబెట్టుకుని అసలే వెళ్ళకూడదు. నేను వెళ్ళాను.

నాది భిలాయిలో క్యాటరింగు పని. మా చర్చి సంఘంలో పెళ్ళిళ్ళకీ బాప్తిస్మాలకీ క్రిస్మస్ విందులకీ వండి పంపిస్తాను. ఇన్నాళ్ళూ గిన్నెలన్నీ అద్దె ఆటోల్లో వెళ్ళేవి. ఆటోవాడు హ్యాండిచ్చిన రోజు నా పరువు అతని చేతిలో ఉండేది. ఒకసారి పక్కనున్న భిలాయి-3లో నిశ్చితార్థానికి నా పులావు చేరేసరికి పెళ్ళికొడుకు తరఫువాళ్ళు లేచి వెళ్ళిపోయారు. ఆ ఇంటావిడ నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటోంది. ఇంకోసారి అలా జరిగితే నన్ను పిలిచేవాళ్ళుండరు. అందుకని సొంతంగా ఒక పికప్ కావాలి. కొత్తది కొనే స్తోమత లేదు. పాతదైనా ఒక్కసారే కొనగలను. అది నిలబడితే నా పని నిలబడుతుంది, కూలబడితే దాంతోపాటు నేనూ కూలబడతాను.

మావారు ప్లేట్ మిల్లులో ఇన్‌స్పెక్షన్ సెక్షన్‌లో పనిచేశారు. ఆయన సుద్దముక్కతో పాస్ అని రాస్తే గానీ ఇనప రేకు అంగుళం కదిలేది కాదట. రిటైరయ్యాక ఇంట్లో ఆయన పాస్ చేయడానికి ఏమీ మిగల్లేదు. కొన్నాళ్ళు పాలవాడి పాలు పరీక్షించారు. తర్వాత నా చపాతీల అంచుల మీద పడ్డారు. అట్లకాడ చూపించాక అదీ మానేశారు. పొద్దున పార్కు, సాయంత్రం టీవీ, మధ్యలో మంచం.

పికప్ మాట ఎత్తగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఆ రోజే ఇద్దరు స్నేహితులకి ఫోన్లు చేశారు. ఒకాయన బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో చేసి రిటైరయ్యారు, ఇంకొకాయన సేఫ్టీ డిపార్ట్‌మెంట్‌లో. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకనబెట్టుకెళ్ళినట్టు అని సామెత. మేం రెండు పిల్లులతో బయల్దేరాం.

నందినిలో సున్నపురాయి గనుల కాలనీ దాటాక ఒక ఇంటి ముందు ఆ బండి ఉంది. నీలం రంగు కొత్తగా కొట్టించారు. అమ్మే మనిషి మన తెలుగతనే, ఇక్కడే హిందీ మధ్య పుట్టి పెరిగినవాడు. "ఆంటీ, గాడీ ఏక్‌దమ్ ఫిట్ ఉంది. సున్నం బస్తాలు తప్ప ఇంకేం మోయలేదు" అన్నాడు.

ముందు సేఫ్టీ ఆయన రంగంలోకి దిగారు. చక్రాల వెనక ఇటుకలు పెట్టించారు. అందరినీ పక్కకి జరగమన్నారు. బండి చుట్టూ ప్రదక్షిణం చేసి, "మంటలార్పే సిలిండరేదీ?" అని అడిగారు. పాపం, అతను బిక్కమొహం వేశాడు.

తర్వాత కోక్ ఓవెన్ల ఆయన ఇంజను స్టార్టు చేయించి, వెనక్కి వెళ్ళి, కళ్ళు మూసుకుని పొగ వాసన చూశారు.

"పొగ బాగున్నాది" అన్నారు.

"నల్లగా వస్తంది కదన్నయ్యా?" అన్నాను.

"మా ఓవెన్ల పొగ నువ్వు సూళ్ళేదు చెల్లెమ్మా. దాని ముందర ఇది పొగే కాదు."

ఇక మావారు. జేబులోంచి సుద్దముక్క తీసి, ఎక్కడ లోపం కనపడితే అక్కడ గుండ్రంగా చుట్టడం మొదలుపెట్టారు. తలుపు కింద సొట్ట. క్యాబిన్ నేల పల్చబడింది. సైలెన్సర్ మార్చాలి. వెనక తలుపు గొళ్ళెం పట్టడం లేదు. సున్నాలు పెరిగేకొద్దీ నాకు నీరసం వచ్చింది, ఆయన మొహం మాత్రం వెలిగిపోతోంది. ఈ బండి ఖాయంగా రిజెక్ట్ అనుకున్నాను. ఆయన ముందు తలుపు దగ్గరికి వెళ్ళి, మంచి దస్తూరీతో పాస్ అని రాశారు.

"ఇన్ని సున్నాలు చుట్టి పాసేటండీ?" అన్నాను.

"అన్నీ రిపేరయ్యేవే. నేను దగ్గరుండి సేయిస్తాను కదా."

"మరి కింద ఎవరు చూసేరు?"

ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. "అడుగు భాగం మెయింటెనెన్స్ వాళ్ళు సూస్తారమ్మా" అన్నారు కోక్ ఓవెన్ల ఆయన. మాలో మెయింటెనెన్స్ నుంచి వచ్చినవాళ్ళెవరూ లేరు. నేను వంగబోతే సేఫ్టీ ఆయన అడ్డం వచ్చారు.

"పర్మిట్ లేకుండా బండి కిందకి ఎవరూ దూరకూడదు."

"పర్మిట్ ఎవరిస్తారన్నయ్యా?"

"నేనే ఇచ్చేవోణ్ణి. రిటైరయిపోయేను కదా, ఇప్పుడు ఇవ్వకూడదు."

వీళ్ళ సర్వీసులన్నీ కలిపితే ఒక నిండు జీవితం దాటుతుంది. అంత అనుభవమూ బండి చుట్టూ నిలబడి ఉంది, బండి కింద మాత్రం ఎవరూ లేరు. గిన్నె కొనేటప్పుడు బోర్లించి అడుగు చూడకుండా ఏ ఆడదీ డబ్బివ్వదు. గోనెపట్టా అడిగి తీసుకుని, కొంగు దోపుకుని దూరాను. సేఫ్టీ ఆయన మొహం అటు తిప్పుకున్నారు, రేపు సాక్ష్యం చెప్పాల్సి వస్తుందేమోనని.

కింద ఛాసిస్ అంతా తెల్లగా సున్నపుపొడి గట్టిపడి ఉంది. "సున్నం ఉంటే జంగ్ పట్టదు ఆంటీ" అని బయటనుంచి వినపడింది. కోక్ ఓవెన్ల ఆయన కూడా అవును, తుప్పు పట్టదన్నారు. చేతిలో ఉన్న ఇంటి తాళంచెవితో పొడిచాను. సున్నం పెచ్చు ఊడిపడింది. దాని వెనక తుప్పు కాజా పొరల్లా రాలింది. ఇంకొంచెం నొక్కితే తాళంచెవి పూర్తిగా లోపలికి దిగిపోయింది. పైన పటారం, లోన లొటారం. బరువంతా మోయాల్సిన ఇనుము అది. మరిగే సాంబారు గుండిగలూ, వాటి పక్కన కూర్చునే నా పనివాళ్ళూ కళ్ళ ముందు కదిలి భయమేసింది.

బయటికొచ్చి చెప్పాను. "ప్యాచ్ కొట్టిస్తే సరిపోద్ది ఆంటీ" అని అతను నసిగాడు. అతనికంటే ముందు మావారు అందుకున్నారు. "రెండు పక్కలా ప్లేటేసి వెల్డింగ్ సేయిస్తే సరి. ప్లేటు నేను సూసి తెస్తాను. రోజూ గ్యారేజీకెళ్ళి నేనే నిలబడతాను." అమ్మేవాడు ఆయనవంక కృతజ్ఞతగా చూశాడు. అంత మంచి దళారి అతనికి ఎక్కడా దొరకడు.

"నాకొద్దు ఈ బండి" అన్నాను. సేఫ్టీ ఆయన ఇటుకలు తీసి, ఎక్కడివక్కడ పెట్టేశారు.

తిరుగు దారిలో స్నేహితులిద్దరూ ముందు వెళ్ళిపోయారు. మేం మా స్కూటరు మీద వస్తున్నాం. "ఆ కుళ్ళు మీకు నిజంగా కనపడలేదా?" అని వెనకనుంచి అడిగాను.

"కనపడింది. క్యాబిన్ నేల పల్చబడ్డప్పుడే కింద సంగతి తెలిసిపోయింది" అన్నారు.

"తెలిసే పాస్ రాసేరా?"

ఆయన స్కూటరు నెమ్మది చేశారు. "మంచి బండైతే డ్రైవర్ని పెట్టుకుని నువ్వెల్పోతావు. ఇదైతే రోజూ ఏదోటి సేయించాల. మంచి బండి కొంటే మరి నాకేటి పని సెప్పు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. పొయ్యి దగ్గర ఇన్నేళ్ళు చెమటోడ్చి కూడబెట్టిందంతా ఈయన పొద్దుపోవడానికి తగలేద్దామనుకున్నారు. దారిలో బండి విరిగితే మనుషులు పోతారన్న ఆలోచన కూడా లేకపోయింది. అక్కడే దిగి కడిగిపారేద్దామనుకున్నాను. కానీ ఆయన గొంతులో దబాయింపు లేదు. నిజంగానే అడుగుతున్నారు, అడగడానికి సిగ్గుపడుతూ అడుగుతున్నారు. జాలేసింది. జాలేసినందుకు ఇంకా కోపం వచ్చింది.

నెహ్రూ నగర్‌లో ఇంటికి చేరాం. జుట్టులో తుప్పు దులుపుకుని, కాళ్ళు కడుక్కుని, ఆదివారం చర్చి విందుకి తెచ్చిన ఉల్లిపాయల బస్తా విప్పి వంటింట్లో కుమ్మరించాను.

"ఇదిగోండి పని" అన్నాను. "బండి నేను చూసుకుంటాను. గట్టిదే కొంటాను."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆ గదిలోకి వచ్చింది మంచినీళ్ళకే. గడప అవతల నిలబడి ఆ గుట్టని చూశారు. నాకేసి చూశారు. నేను తల తిప్పుకోలేదు. చివరికి లోపలికొచ్చి, మోకాళ్ళు పట్టుకుని పీట మీద కూర్చున్నారు. ఒక ఉల్లిపాయ తీసి, వెలుతురుకేసి తిప్పి చూసి అడిగారు.

"ఎంత మందం రావాల?"