జ్వరంలో ఆగిపోయిన వణుకు మాత్ర

2023. వానలు వెనకబట్టి, ఇంటికొక జ్వరం పడుకున్న రోజులు. నెల్లిమర్లలో మా మందుల కొట్టు ముందు బెంచీ ఖాళీగా ఉండేది కాదు.

నాకు బడి చదువు లేదు. మా నాన్న కిరాణా కొట్టులో ఒక మూల తలనొప్పి బిళ్లలు అమ్మేవాడు. ఆ మూలే పెరిగి మందుల కొట్టయింది. లైసెన్సు, ఫార్మసీ చదివిన మా తమ్ముడి కొడుకు పేరున ఉంది. నేను ఇంగ్లీషు నేర్చుకున్నది మందుపెట్టెల్లో మడతలు పెట్టి కుక్కే కాగితాల మీద. చీమ తలకాయంత అక్షరాలు. ఒక జీవితకాలం వాటిని చదివాను. కళ్లు పోయాయి, కోపం మిగిలింది.

ఆ కోపంలో సగానికి పైడిరాజు కారణం.

పైడిరాజు జూట్ మిల్లులో పనిచేసి దిగిపోయినవాడు. అతనికి పార్కిన్సన్స్. అందరూ దాన్ని వణుకు జబ్బంటారు. వణుకు పైకి కనపడేది మాత్రమే. అసలు బాధ బిగుసుకుపోవడం. మెదడులో డోపమిన్ అనే పదార్థం తగ్గిపోతుంది. అది లేకపోతే కాలికి నడవమని కబురందదు, గొంతుకు మింగమని కబురందదు. లెవోడోపా అనే మాత్ర ఆ లోటు పూడుస్తుంది, కానీ కొన్ని గంటలే. మళ్లీ వెయ్యాలి, వేళ తప్పకుండా వెయ్యాలి.

ఆ వేళ చూసేది అతని భార్య అప్పలనరసమ్మ. గడియారం ఆమెకు రాదు. మిల్లు కూతే ఆమె గడియారం. కూత వినపడితే చాలు, చేతిలో పనుంటే పని, కొళాయి దగ్గర కొట్లాటుంటే కొట్లాట వదిలేసి మాత్ర, నీళ్ల గ్లాసు పట్టుకునేది. కొంగున స్ట్రిప్పు ముడివేసుకుని తిరిగేది. అంత శ్రద్ధ నేను డబ్బున్న ఇళ్లలో కూడా చూడలేదు.

ఒక రోజు మిట్టమధ్యాహ్నం ఆమె తమ్ముడు సింహాచలం కొట్టుకొచ్చాడు. మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"బావ పనైపోయింది సావుకారూ. జొరమొచ్చి, ఒంటేలు మంటంటే ఇజీనారం ఆస్పత్రిలో ఎట్టేం. ఇప్పుడు మాట లేదు, కదల్డు. కర్రలాగున్నాడు. వయసైపోయింది, ఆశ లేదంతన్నారు. బండి మాటాడేను. సాయంకాలం ఇంటికి తెచ్చెత్తాం."

"వయసైపోయిందని ఎవడన్నాడ్రా? నేను అతనికంటే పదేళ్లు పెద్ద. నన్నూ ఎక్కించెయ్ బండి!"

"నామీద అరుత్తావేటి? ఆలన్నారు, నాను సెప్పేను."

అతని కళ్లలో నీళ్లు చూసి ఊరుకున్నాను. కానీ మనసులో ఏదో గీరుతూనే ఉంది. జ్వరం వేరు, కర్రలా బిగుసుకోవడం వేరు. ఇంకోటి కూడా తోచింది: పైడిరాజు మాత్రలు ఈపాటికి అయిపోయి ఉండాలి, ఈసారి ఎవరూ కొట్టుకు రాలేదు. ఆ మాత్ర అన్నిచోట్లా దొరకదు. అయిపోయి ఇబ్బంది పడుతున్నారేమోనని కొత్త స్ట్రిప్పులు జేబులో వేసుకుని సింహాచలం మోటార్‌సైకిల్ వెనక ఎక్కాను. విజయనగరం దారి పొడుగునా ఒకటే ఆలోచన: వెళ్లేసరికి ఉంటాడా?

ఉన్నాడు. ఉన్నాడంటే ఊపిరి ఉంది. నోరు సగం తెరుచుకుని, మెడ దిండుకు ఆనకుండా పైకి లేచి ఆగిపోయింది. చెయ్యి పట్టుకుని మడవబోతే ఎండుకొమ్మలా ఎదురు తిరిగింది. ఒళ్లు కాలిపోతోంది. కాళ్ల దగ్గర నరసమ్మ కూర్చుని తడిగుడ్డతో పాదాలు తుడుస్తోంది.

"నీ దగ్గర మందు అయిపోయి ఉంటుంది నరసమ్మా. తెచ్చాను."

"ఎందుకు బాబూ? ఉన్నాయి." కొంగుముడి విప్పి చూపించింది. స్ట్రిప్పు ఇంచుమించు నిండుగా ఉంది.

"ఇదేటి? వెయ్యడం లేదా?"

"జొరం తగిలిన కాడినుంచి ముట్టలేదు. కాగిపోతన్న ఒంట్లోకి ఆ ఏడి మందు ఎలాగెడతాను? జొరం తగ్గి, తలకి నీళ్లోసినాక ఎడదామని దాసేను."

మా వైపు జ్వరమొస్తే అన్నం మానిపిస్తారు, తగ్గాక తలకు పోసి పత్యం పెట్టేదాకా ఒంటికి వేడి చేసేవేవీ ముట్టనివ్వరు. పెద్దలనాటి నేమం. కూత తప్పకుండా మాత్ర వేసిన మనిషే, అంత నిష్ఠగానూ మాత్ర మానేసింది.

"ఇక్కడ ఎవరూ నిన్ను అడగలేదా?"

"అడిగేరు. ఏటేటి మందులు వాడతారంటే మందులసీటీ సూపించేను. రాసుకున్నారు. ఇన్ని సూదులు పొడుస్తన్నారు, ఆలకి తెలీదా ఏటి? ఎట్టమంటే ఎట్టీదాన్ని."

ఆసుపత్రుల పద్ధతి నాకు తెలుసు. తమ దగ్గర నిల్వ లేని మందులకు కేసుషీటులో 'ఓన్ మెడిసిన్' అని రాస్తారు. అంటే రోగి సొంతమందు, పక్కనున్నవాళ్లు వేసుకుంటారని అర్థం. సిస్టరు, భార్య వేస్తోందనుకుంది. భార్య, కావాల్సినవన్నీ ఆసుపత్రివాళ్లే చూస్తున్నారనుకుంది. ఆ ఇద్దరి నడుమ సందులో మనిషి పడిపోయాడు.

"బుద్ధుందా నీకు!" అని అరిచాను.

ఆమె తిరగబడింది. "అరవకు బాబూ. మాయమ్మ జొరమొస్తే ఉప్పు కూడా మానిపించీది. మేమందరం బతికేం కాదా?" అంటూనే నా మొహం చూసి ఆగిపోయింది. "ఏటైంది? సెప్పు బాబూ. నానే సంపేసేనా ఆయన్ని?"

నేను గిరుక్కున వెనక్కి తిరిగాను.

డాక్టరమ్మ గదిలోకి కేకలు వేద్దామనే వెళ్లాను. చిన్నమ్మాయి, మధ్యాహ్నం డ్యూటీ మారి అప్పుడే వచ్చింది. సంగతి ఒక్క ముక్కలో చెప్పి నేను గొంతు పెంచేలోపే "మాత్ర ఆపేశారా?" అని కుర్చీలోంచి లేచింది. నా కోపానికి కూర్చోడానికి చోటే దొరకలేదు. మంచం దగ్గరికి వచ్చి మోచెయ్యి మడిచి చూసింది, షీటు తిరగేసింది.

"మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్న మాట నిజమే తాతగారూ. యాంటీబయాటిక్ సరైనదే నడుస్తోంది. ఆపేది లేదు. కానీ ఈ మాత్ర ఉన్నట్టుండి మానేస్తే మనిషి ఇలాగే బిగుసుకుపోతాడు, దాని మూలాన కూడా జ్వరం వస్తుంది. ఇప్పుడీ జ్వరం దేనిదో విడదీసి చెప్పలేను. రెండిటికీ వైద్యం చెయ్యాలి."

షీటులో ఇంకో వరుస దగ్గర ఆమె వేలు ఆగింది. వాంతులకని మెటోక్లోప్రమైడ్ సూది. మామూలు మనిషికి మంచి మందే. పార్కిన్సన్స్ మనిషికి ఉన్న ఆ కాస్త డోపమిన్‌నీ పనిచెయ్యనివ్వదు. ఆమె పెదవి కొరుక్కుని దాన్ని కొట్టేసి, వేరేది రాసింది. ఎవరినీ తిట్టలేదు. నాకైతే తిట్టాలనే ఉంది. జ్వరంతో వచ్చినవాడిలో జ్వరాన్నే చూశారు గానీ, ఆ జ్వరం ఏ ఒంట్లో కూర్చుందో చూడలేదు.

నోటితో వేస్తే మాత్ర ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ముక్కులోంచి కడుపులోకి సన్నటి రైల్స్ ట్యూబ్ వేశారు. "ఇది మామూలు మాత్రేనా, మెల్లగా కరిగేదా? మెల్లగా కరిగేదైతే నలపకూడదు" అంది డాక్టరమ్మ. మామూలుదేనన్నాను. నీళ్లలో కలిపి ట్యూబులో పోసింది. సిస్టరు వెంటనే పాలు పట్టబోతే, "ఇప్పుడే వద్దు. పాలు, గుడ్డు మాత్రకి అడ్డుపడతాయి. కాస్త ఎడమిచ్చి ఇవ్వండి" అంది. తరవాత విశాఖపట్నంలో నరాల డాక్టరుకు ఫోన్ చేసింది.

ఇంతలో సింహాచలం అక్క దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "బండోడు వొచ్చీసేడు. బేగి రమ్మంతన్నాడు. ఏటి సేద్దాం అప్పా? ఇక్కడే పానం పోతే మరి ఇంటికెలాగ తీసుకెల్తాం?"

నరసమ్మ డాక్టరమ్మ వైపు చూసింది. "బతుకుతాడా అమ్మా?"

"మాటివ్వలేనమ్మా. ఆలస్యమైంది. కిడ్నీలు ఎలా ఉన్నాయో చూడాలి. కానీ ఇప్పుడు తీసుకెళ్తే మాత్రం బతకడు."

నరసమ్మ కొంగుముడి మళ్లీ వేసుకుంది. "బండి పంపీరా తమ్మూ. పోతే ఇక్కడినుంచే మోసుకుపోదాం. నా సేత్తో మానిపించేను, నా సేత్తోనే ఎట్టించి ఎల్తాను."

ఆ సాయంత్రమంతా ఏమీ మారలేదు. ఒళ్లు కాలుతూనే ఉంది. ఆ ఆసుపత్రిలో మిల్లు కూత వినపడదు కదా, నరసమ్మ వచ్చేపోయే ప్రతి సిస్టరునీ "మాత్ర ఏళయిందా అమ్మా?" అని అడుగుతూనే ఉంది. విసుక్కున్నవాళ్లు విసుక్కున్నారు, ఆమె మానలేదు. చీకటి పడ్డాక ఇంటికెళ్లాను. పొద్దున్నే మొదటి బస్సుకు వెళ్లి వార్డు గుమ్మంలో ఆగిపోయాను. లోపలికి చూడటానికి భయం. ముందు చెవి పెట్టి విన్నాను. ఏడుపు లేదు.

మెడ దిండుకు ఆనింది. అంతే మార్పు. కానీ ఆ అంగుళం దిగడం చూసి అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. సాయంత్రానికి కళ్లు మనుషుల వెంట తిరిగాయి. మర్నాడు జ్వరం దిగింది. ఆ పూటే సింహాచలం మంచం మీదికి వంగి, "బావా, నన్ను గుర్తట్టేవా?" అన్నాడు.

పైడిరాజు పెదాలు చాలాసేపు కదిలాయి. మాట నూలుపోగంత సన్నంగా వచ్చింది.

"బండెవుడికిరా... మాటాడేవు... బామ్మర్దీ?"

సింహాచలం నవ్వలేక, ఏడవలేక బయటికి పోయాడు. మాకందరికీ ఒక్కసారే తెలిసింది. వయసైపోయిందన్న మాట, బండి బేరం, మోసుకుపోదామన్న మాట, అన్నీ ఆ మనిషి వింటూనే ఉన్నాడు. ఆగండర్రా అనడానికి నాలుక కదల్లేదు, అంతే.

డాక్టరమ్మ నాతో అంది: "ఇలాంటివాళ్లు ఇన్ఫెక్షన్‌తో చేరితే ఆసుపత్రుల్లో ఎందుకింత దెబ్బతింటున్నారని పరిశోధనలు జరుగుతున్నాయి తాతగారూ. ఏ మందు మంచిది, వార్డులో ఏం మార్చాలి అని. ఈ కేసు నేనూ రాసి మా ప్రొఫెసరుగారికి పంపుతాను."

"రాయండి. మాత్ర ఎవరు వేస్తున్నారని ఒక్కరూ అడగలేదని మొదటి వరుసలో రాయండి."

"అదే రాస్తాను" అంది. కోపం తెచ్చుకోలేదు.

పైడిరాజు ఇంటికైతే వచ్చాడు గానీ మునుపటి నడక రాలేదు. వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వస్తాడు. ఆలస్యానికి అతని ఒళ్లు కట్టిన సుంకం అది. నా కోపం చల్లారనిది కూడా అక్కడే. ఉన్నట్టుండి ఆపకూడదని మందుపెట్టెలో కాగితం మీద రాసే ఉంటుంది. ఇంగ్లీషులో. తెలుగులో ఒక్క ముక్క ఉండదు. పోనీ ఆ కాగితమైనా మనిషికి చేరుతుందా? మేం పెట్టెలోంచి స్ట్రిప్పు తీసి ఇస్తాం, కాగితం కొట్టులో ఉండిపోతుంది. ఏ కొట్టులోనైనా ఇంతే. ఇప్పుడు ఆ మాత్ర ఇచ్చే ప్రతిసారీ నోటితో చెబుతున్నాను: జ్వరమొచ్చినా, పత్యమున్నా, ఆసుపత్రిలో పెట్టినా ఇది ఆపకండి, మింగలేకపోతే వెంటనే డాక్టరుకు చెప్పండి.

మొన్న ఒకామె మామగారికి జ్వరం మందు కావాలని వచ్చింది. "ఆయన వణుకుమనిషి కూడా బాబూ, మంచి మందియ్యి" అంది. నేను కళ్లజోడు సర్దుకునేలోపే, స్ట్రిప్పుల కోసం వచ్చి బెంచీ మీద కూర్చున్న నరసమ్మ లేచి ఆమె చెయ్యి పట్టుకుంది.

"వణుకుమందు ఎవులు ఎడతన్నారే? ఇయాల ఎట్టేరా?"

ఆమె జవాబు చెప్పేదాకా చెయ్యి వదల్లేదు.