చోటా హాథీ వెనక పడవ

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట మా ఇంట్లో అందరూ అనేదే. కొబ్బరికాయ కొనాలంటే కొట్టంతా వెతికి, ప్రతి కాయనూ చెవి దగ్గర ఊపి చూస్తాను. పాలవాడు నవ్వుతూ వచ్చాడంటే ఆ రోజు గిన్నెలోకి రెండుసార్లు చూస్తాను. అందుకే కొన్నేళ్ల కిందట, వానలు ఇంకా మొదలుకాని జూన్‌లో మా బావ ఫోన్ చేసి, "బామ్మర్దీ, పడవను కోత మిల్లుకు లాగాలె. నీ బండి తెస్తవా?" అని మామూలుగా అడిగితే నేను దాన్ని మామూలుగా వినలేకపోయాను.

బావ అంటే మా అక్క మొగుడు. బామ్ని దగ్గర వార్ధా నదిలో చేపలు పట్టేవాడు. అవతలి ఒడ్డున పత్తి చేలున్నవాళ్లను పడవలో దాటించేవాడు. అంతకు ముందటి వానాకాలంలో వరద ఆయన్ను పడవతో సహా ఈడ్చుకుపోయింది. తుమ్మచెట్టు కొమ్మ పట్టుకొని వేలాడుతూ దొరికాడు. ఆయన దొరికేదాకా అక్క ఒడ్డున ఎట్లా ఉందో నేను చూశాను. మళ్లీ చూడాలని లేదు. ఆ ఆదివారమే అక్క ఆయన్ను చర్చికి తీసుకుపోయి, బైబిలు మీద చెయ్యి పెట్టించి, ఇక పడవ ముట్టనని ప్రమాణం చేయించింది. అప్పటి నుంచి బావ లారీల నుంచి వెదురు దించే పనికి పోతున్నాడు. పడవ ఇటుక బట్టీ వెనక పడి ఉంది. టేకు పడవ కాబట్టి కోత మిల్లువాడు చెక్కల కోసం అడిగాడు. కోయించెయ్యమని అక్క కూడా అంది.

అయినా నాకు నమ్మకం కుదరలేదు. ఆ పడవ సందుల్లో తారు నింపింది బావే, దానికి రంగు వేసిందీ బావే. అలాంటి మనిషి దాన్ని రంపం కిందికి పంపుతాడా? పడవ పోయిందని అక్కకు చూపించడానికి నన్ను సాక్షిగా పెట్టుకొని, దారిలో ఏ దోస్తు దొడ్లోనో దాచేస్తాడని నా లెక్క. నా బండి చాలదంటే లారీ మాట్లాడతానని కూడా అన్నాడు. లారీవాడు ఆయన దోస్తే. అక్కడ నా అనుమానం ఇంకాస్త గట్టిపడింది. వద్దు, నా చోటా హాథీయే లాగుతుందన్నాను. అది కూరగాయలకూ పెళ్లి కుర్చీలకూ సరిపోయే చిన్న ట్రక్కు. పేరులో ఏనుగు ఉందన్న మాటే గానీ బలం అంతంత మాత్రమే. కానీ పడవ నా కళ్ల ముందు రంపం కిందికి పోవాలి. లేకపోతే మా అక్క మళ్లీ ఒడ్డున నిలబడాల్సి వస్తుంది.

బట్టీ పనివాళ్లు వెదురు బొంగులు అడ్డం పెట్టి, తాటిపత్రి పట్టా కప్పి ఉన్న పడవను అట్లాగే ఎత్తి, పాత ట్రాక్టరు ట్రాలీ చక్రాల మీద పెట్టారు. "ఇంత బరువేందిరా" అని ఒకడు మూలిగాడు.

"టేకు గదా," అన్నాడు బావ.

అన్నాడే గానీ పడవకు దూరంగానే నిలబడ్డాడు. చెయ్యి వేయలేదు, తాడు కట్టలేదు, అటు చూడను కూడా చూడలేదు. తప్పు చేసినవాడే అట్లా ముఖం తిప్పుకుంటాడని నేను మనసులో రాసిపెట్టుకున్నాను.

ఇనుప గొట్టంతో ట్రాలీని బండికి బిగించాం. మిల్లు ఎంతో దూరం లేదు. కరకట్ట ఎక్కి రోడ్డు దాటితే వచ్చేస్తుంది. చదునులో బండి మొదటి గేరులో మూలుగుతూ నడిచింది. పడవ బరువుకి బండి వెనక భాగం కిందికి కుంగింది. అది మామూలే. కట్ట ఎక్కడం మొదలయ్యాక మాత్రం తీరు మారింది. కుంగిన వెనక భాగం మెల్లగా పైకి లేచింది. చక్రాలు ఉన్నచోటే గిరగిర తిరిగాయి. దుమ్ము లేచింది, క్లచ్ కాలిన వాసన వచ్చింది. బావ పరుగెత్తి చక్రాల వెనక రాళ్లు పెట్టాడు.

నేను దిగాను. చదునులో ముందుకు మోపిన బరువు ఎక్కుడులో వెనక్కి ఎందుకు పోయింది? చెక్క జరగదు. లోపల ఏదో జరుగుతోంది. ఊపి చూడటానికి పడవ కొబ్బరికాయ కాదు గనక చెవి ఆనించి చెక్క మీద కొట్టాను. లోపల నీళ్లు కదిలాయి.

తాటిపత్రి లాగి అడుగు పలక ఎత్తాను. దాని కింద నిండా నీళ్లు, నానిన గోనెసంచులు. చినుకు పడి నెలలయింది.

పడవవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. ఎండాకాలం ఒడ్డెక్కిన చెక్క పడవను ఎండనివ్వరు. ఎండితే చెక్క ముడుచుకొని సందులు తెరుచుకుంటాయి. తడి గోనెలు పరిచి రోజూ నీళ్లు పోస్తారు. వానాకాలం మళ్లీ నదిలో దింపే పడవకే ఆ సేవ. కోతకు పోయేదానికి ఎవరూ చెయ్యరు.

"ఏంది బావా ఇది?" అన్నాను. "అక్కతోని ఒట్టు పెట్టి ఇక్కడ నీళ్లు పోస్తున్నవా?"

"నేను పొయ్యలే."

"మరెవరు పోసిండ్రు?"

"నాకేం ఎరుక? ఒట్టు పెట్టిన కాడికెల్లి నేను దీన్ని ముట్టలే. ఇయ్యాల గూడ ముట్టలే, నువ్వు చూస్తనే ఉన్నవ్ గదా."

చూస్తూనే ఉన్నాను, నిజమే. అయినా నమ్మలేదు. సాక్ష్యం బయటికి లాగుదామని ఒక గోనె పట్టుకొని గుంజాను. దాని అంచుకు పాత చీర పేలిక కుట్టి ఉంది, ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు. మా అక్క గోనెలకు అట్లాగే అంచులు కుట్టి ఇంట్లో కాళ్లు తుడుచుకోవడానికి వేస్తుంది. ఆ చీర కట్టుకొనే చాలా క్రిస్మస్‌లకు చర్చికి పోయింది. బావ కూడా ఆ అంచు చూశాడు.

కట్ట మీద బండి ఇరుక్కుందని ఎవరో చెప్పినట్టున్నారు, అక్క వచ్చింది. నా చేతిలోని గోనె చూసి ఆగిపోయింది.

"నువ్వేనా అక్కా?"

"ఎండితే పగుల్తది గదా తమ్మీ."

"కోసేదే గదా. పగిలితే ఏంది?"

అక్క నాకు కాదు, రోడ్డుకు చెప్తున్నట్టు చెప్పింది. "కోయించమన్నది నేనే. నీళ్లు పోసింది గూడ నేనే. ఈయన ఇంటి పట్టున ఉంటే నాకు ధైర్యముంటదనుకున్న. మనిషి ఉంటుండు, మాట లేదు. అన్నం పెడితే ఎందుకు పెట్టినవన్నట్టు చూస్తడు. నదికి పోతె భయం, గిట్ల ఉంటె గూడ భయమే. ఏం జెయ్యాల్నో తెల్వక బకెట్ పట్టుకొని పోయేదాన్ని."

నాకు కోపం వచ్చింది. ఆమె కోసమే కదా నేను క్లచ్ కాల్చుకుంది. కోపంతో పాటు ఏడుపూ వచ్చింది, అది కనబడకుండా బండి కింద ఏదో చూస్తున్నట్టు వంగాను.

నేను లేచేసరికి బావ పడవ దగ్గర ఉన్నాడు. నా చేతిలోంచి గోనె తీసుకున్నాడు. దాన్ని పిండలేదు. అట్లాగే తడితో తీసుకుపోయి పలక కింద పరిచాడు, అంచులు సర్దాడు. సర్దుతూ, "వరద ఉన్నన్ని దినాలు నదిల దిగ. తగ్గినంకనే," అన్నాడు. అక్క తల ఊపిందో లేదో నాకు సరిగా కనబడలేదు. కానీ వద్దనలేదు.

పడవ అడుగు బిరడా తీసి నీళ్లు వదిలేశాం. తేలికైన పడవను, పిలిస్తే వచ్చిన బట్టీవాళ్లు తాళ్లతో పట్టి మెల్లగా మళ్లీ బట్టీ వైపే కట్ట దింపారు. దిగుడుకు నా బండి అవసరమే పడలేదు.

బావ మాట మీద నాకిప్పటికీ అనుమానమే. వార్ధా పొంగిందని తెలిస్తే చాలు, అక్కకు ఫోన్ చేస్తాను. బావ ఏడీ అంటే ఇంట్లోనే ఉన్నాడంటుంది. ఫోన్ ఆయనకివ్వమంటాను. చాలాసార్లు ఇస్తుంది. కొన్నిసార్లు మాత్రం ఇవ్వదు. అప్పుడు ఆమె వెనక నీళ్ల చప్పుడు నాకు వినబడుతుంది.

"ఒడ్డుకొస్తుండు తమ్మీ," అంటుంది. "ఫోన్ పెట్టకు."

నేను పెట్టను.