చంకలో చెప్పులు, కాలికింద పల్లేరు

ఆలూరు యోసేపుకు చెప్పులున్నవి. కాకపోతే కాళ్లకు కాదు, చంకలో. ఊరందరికీ చెప్పులు కుట్టే మనిషి, దొర గడీ ముందు మాత్రం తనవి విడిచి నడవాలె. ఏనాడూ ఎదురు చెప్పలేదు. వింతేమంటే, గడీ దాటి కోసెడు దూరం పోయినా అవి చంక దిగేవి కావు.

"ఇగనన్న తొడుక్కోరాదే, యోసేపన్నా!" అని బాటలో ఎదురైన ముసలి మైసమ్మ నవ్వేది.

"తొడుక్కుంటే అరుగుతయి, అవ్వా. కాళ్లయితే ఊకెనే వచ్చినయి."

చేవెళ్ల మిషన్ బడి పంతులు సాముయేలుకూ నవ్వే. ఆయనకు బూట్లున్నవి, పట్నం చదువున్నది. ఆ రెండూ తనను నేలకు తగలనియ్యలేదని తర్వాత తానే చెప్పుకునేవాడు.

పందొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో బడికి గండం వచ్చింది. తనిఖీ నాడు ఇరవై మంది పిల్లలు లేకపోతే మూసేస్తామని కాగితం. ఆలూరు పిల్లలేమో బాటలో పల్లేరు ముండ్లకు జడిసి రారు. సాముయేలు వానల్లోనే తెలివి చేసిండు. పల్లేరే అనుకొని బాట పొడుగునా పసుపుపచ్చ పూల మొక్కలన్నీ దగ్గరుండి పీకించిండు. అయినా పిల్లలు కుంటుడు ఆపలేదు.

"పీకినంక ముండ్లెక్కడియి, యోసేపన్నా?"

యోసేపు పీకిన కుప్పలోంచి ఒక కొమ్మ తీసిండు. "మీరు పీకింది ఏనుగు పల్లేరు, పంతులూ. మందం ఆకు, గొట్టం పువ్వు. అసలుది నేలమీద పాకుతది. చింతాకు తీరు ఆకు, అయిదు రేకులు దేనికది విడిగ."

"పచ్చపూలన్నీ ఒక్కటే గదయ్యా!"

యోసేపు ఇంకా పచ్చిగున్న కొమ్మ తెచ్చి చెంబునీళ్లలో తిప్పిండు. నీళ్లు గుడ్డుసొన తీరు సాగినయి. "ఇది ఏనుగుదే చేస్తది. చల్లమ్మే అంజిలయ్య గీ కొమ్మనే తిప్పుతడు, ఆయన చల్ల చిక్కదనం గిదే."

ఆ చల్ల చిక్కదనాన్ని ఏడాదిగా ఊరంతా తిరిగి పొగిడింది సాముయేలే.

"మరి అసలుది ఇప్పుడు పీకుదామా?"

"పువ్వు మీదున్నప్పుడు పీకాలె. కాయలు ఆరి మట్టిల కలిసినయి."

తనిఖీ నాడు పొద్దున్నే పంతులు పిల్లలను బతిమాలి తెద్దామని ఆలూరు బయలుదేరిండు. బాట మీద యోసేపు. చంకలో చెప్పులు. అడుగులో అడుగు వేస్తడు, "ఇస్స్" అంటడు, ఆగి అక్కడ గొంగడి పరిచి అదుముతడు. లేపితే గొంగడి నిండ ముండ్లు.

"ఎన్నాళ్లసంది గిట్ల?"

"గడీ ముందు ఎట్లయినా విడవాలె గద. విడిచిన కాళ్లకు ఒక పని చెప్పిన."

సాముయేలు బూట్లు విప్పి చంకలో పెట్టుకున్నడు. నాలుగో అడుగుకు గాల్లోకి ఎగిరిండు.

"గదే అసలుది, పంతులూ! ఇప్పుడు గుర్తుపట్టిండ్రు."

ముండ్లు ఏరిన బాట మీద ఇరవై ముగ్గురు పిల్లలొచ్చిండ్రు. తనిఖీ సాహెబు అడిగిండు: "పంతులెందుకు కుంటుతున్నడు?"

"పల్లేరు!" అని పిల్లలందరూ ఒక్కసారే అరిచిండ్రు. "ఏనుగుది కాదు సార్, అసలుది!"

చదువుతున్న అయ్యలారా, అమ్మలారా! మీ ఊరి బడిబాటలో పల్లేరు పూస్తే, ఆకు చూసి గుర్తుపట్టి పువ్వు మీదనే పీకండి. ఎవరైనా చెప్పులు చంకలో పెట్టుకొని నడుస్తుంటే తొడుక్కొమ్మనండి. ఎవరి ముందు విడవమన్నరో, అక్కడిదాకా ఆ చెప్పుల మనిషి పక్కన నడవండి.