నాకు నేనే పంపుకున్న రిజిస్టర్ ఉత్తరం

ఆ రోజుల్లో తెలివి బుర్రలో ఉంటే చాలనుకునేవాణ్ణి. దానికి కాగితం కూడా కావాలని ఒమన్ వెళ్ళాకే తెలిసింది. డెబ్బైల చివర్లో సోహార్ దగ్గర ఒక సైట్‌లో కూలిని, ఇరవై రెండేళ్ళవాణ్ణి. కొత్తగా పోసిన పిల్లర్లకు గోనెపట్టాలు చుట్టి, ఎండలో గంటకోసారి నిచ్చెనెక్కి తడపడం నా డ్యూటీ. ఆ బాధ పడలేక (బద్ధకమన్నా ఒప్పుకుంటాను) ఒక నూనెడబ్బాకు మేకుతో చిల్లి పెట్టి, గుడ్డవత్తి దోపి, నీళ్ళు నింపి, పిల్లర్ నెత్తిన కూర్చోబెట్టాను. నీళ్ళు చుక్కచుక్కగా దిగి గోనె సాయంత్రందాకా తడిగానే ఉంది. మా ఫోర్‌మన్ రెండు రోజులు దాన్ని చూసి, మూడో రోజు నుంచి అది తన ఆలోచనేనని చెప్పుకోసాగాడు. వచ్చే నెల మస్కట్ నుంచి వచ్చే పెద్ద ఇంజనీరుకు చూపిస్తాడట.

జన్మలో నేను కనిపెట్టింది అదొక్కటే. మా రూమ్‌లో ప్లీడరు మామ ఉండేవాడు (నిజానికి కరీంనగర్‌లో ఒక ప్లీడరు దగ్గర గుమస్తా). ఎవరికి ఉత్తరమొచ్చినా విప్పి అందరికీ చదివి వినిపించేది ఆయనే. "కేసు పెడితె నడుస్తదా మామా?" అన్నాను. "ముందుగాల ఎవలకు తట్టిందని అడుగుతరు. సాక్ష్యం ఉన్నదా? లేదుగద. అంతా కాయితం మీద రాసి నీకు నువ్వే రిజిస్టర్ చేసుకో. ముద్ర మీది తారీఖే సాక్ష్యం. ఇంజనీరు ముంగటనే విప్పాలె. అప్పటిదాక ఎవ్వలు ముట్టద్దు" అన్నాడు. మర్నాడే పోస్టు చేశాను. రహస్యం కదా అని ఆ సంగతి మామకు కూడా చెప్పలేదు.

కంపెనీ బండిలో అది వచ్చిన రోజు నేను సైట్‌లో ఉన్నాను. సాయంత్రం రూమ్‌కొస్తే కవరు చిరిగి ఉంది. "మీ అమ్మకు పానం బాగలేదంటివి. రిజిస్టర్ అనంగనే గుండె ఆగినంత పనైంది బిడ్డా, విప్పిన" అన్నాడు మామ. ఆయన చేతులింకా వణుకుతున్నాయి. నేను ఆ చేతులు చూడకుండా నోటికొచ్చినట్టు తిట్టాను. అంతలో మూలనుంచి ఒకడు, "అన్నీ సరే గని, నువ్వు క్షేమమేనా?" అన్నాడు. రూమంతా నవ్వింది. ఉత్తరం మొదలుపెట్టడం నాకు ఒక్క తీరుగానే వచ్చు. అందుకే "నేనిక్కడ క్షేమం, నీవక్కడ క్షేమమని తలుస్తాను" అని నాకు నేనే రాసుకుని, కింద డబ్బా బొమ్మ గీశాను.

ఇంజనీరు వచ్చాడు, ఫోర్‌మన్ భుజం తట్టి వెళ్ళాడు. నేను నిచ్చెన పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

మొన్న పెట్టె సర్దుతుంటే ఆ కవరు దొరికింది. ఎంత ఆలోచించినా ఫోర్‌మన్ మొహం గుర్తుకు రాలేదు. మామ చేతులు గుర్తొచ్చాయి. ఆయనకు క్షమాపణ చెప్పనేలేదని బాధేసింది. బొమ్మ వెలిసిపోయింది గానీ పై వాక్యం అలాగే ఉంది. ఇరవై రెండేళ్ళ కుర్రాడు అంత దూరంనుంచి క్షేమమడిగితే ఇన్నేళ్ళూ జవాబివ్వలేదు. "క్షేమమే నాయనా" అన్నాను.