ఇద్దరి ఒళ్లో ఒక కడ్డీ

కాజీపేటలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఒడిలో పాత చీర చుట్టిన ఇనుప కడ్డీ ఉంది. దాని రెండో కొస నా ఒళ్లోకి వచ్చింది.

"ఏమనుకోకు బిడ్డా. మా ఆయన పాత స్పోర్ట్స్ కారుకు అడ్డం బిగిపియ్యాలె," అంది.

ఎందుకని అడిగాను. సంచిలోంచి ఖాళీ మిఠాయి డబ్బా తీసి, మూత లేకుండా మెలిపెట్టి చూపింది. అది వంకర తిరిగింది. లోపల మూల నుంచి మూలకు దువ్వెన ఇరికించి మళ్లీ మెలిపెట్టింది. ఈసారి పెద్దగా కదల్లేదు.

"టాప్ లేని బండి గదా, మలుపు కాడ గిట్లనే మెలిక పడ్తది. ఆయన తోలినన్ని దినాలు నాకు ఫికర్ లేకుండె. ఇప్పుడాయనకు చూపు పోయింది, నేనే తోల్తాన. ధర్మసాగర్ చెరువు కట్ట దాక పోతం. బండి అదిరితే భయంతోని సీటు పట్టుకుంటడు."

చీర మడత సర్దుతూ మెల్లగా అంది: "మలుపు వచ్చినట్టు ఆయనకు తెల్వద్దు బిడ్డా."

మధ్యాహ్నపు ఎండలో బస్సు మగతగా ఊగుతోంది. మడికొండ మలుపు వస్తుంటే ఆవిడ కళ్లు మూసుకుంది. ఎందుకో నేనూ మూసుకున్నాను. కడ్డీ పట్టుకుని ఇద్దరం కలిసే ఒరిగాం, కలిసే లేచాం.

ఇప్పటికీ బస్సు అక్కడికొస్తే కళ్లు మూసుకుంటాను. మలుపు తెలుస్తూనే ఉంటుంది.